కండె పెరగని చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లో రెండు ప్రాణాలు పెరగమంటే పెరగలేదు. ఒకటి నా కడుపులో ఉంది. ఇంకొకటి మా అత్తమ్మ బియ్యం డబ్బాలో ఉంది. రెండింటికీ కొలతలు, రెండింటికీ ఎదురుచూపులు. ఆ రెండూ ఎందుకు పెరగడం లేదని మా అత్తమ్మ ఎల్లవ్వ నన్నే అడిగేది, నేనేదో దాచిపెట్టినట్టు.

దీపావళి పోయిన వారానికి మొదలైంది ఇదంతా. మా ఆయన మధుకర్ సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. మరమగ్గమనే మాట పుస్తకాల్లో ఉంటుంది, మా దగ్గర మాత్రం సాంచలే. ఆ రోజు కార్ఖానా వెనక పేరుకుపోయిన తెగిన నూలు కుప్పను ఎత్తిపోస్తుంటే అందులో పాము బయటపడిందట. మిగతావాళ్లు కట్టె కోసం వెతుక్కునేలోపు ఈయన దాన్ని గుడ్డసంచిలో వేసుకుని బండి మీద ఇంటికి తెచ్చాడు. ఇంట్లో జువాలజీ చదివిన పెళ్లాం ఉందని ధైర్యం. జగిత్యాల కాలేజీలో నేను మూడేళ్లు చదివింది ఇలాంటి రోజు కోసమేనని అతని నమ్మకం.

"ఏం తెచ్చినవ్‌రా?" బీడీల చాట ముందు నుంచి కదలకుండానే అడిగింది అత్తమ్మ.

"పామే అవ్వా. జెర నీ కత్తెర ఇయ్యి."

"ఏం, దానికి క్షవరం జేస్తవా?"

సంచి విప్పి చూపించాడు. మూరెడు కూడా లేదు. ఇటుక రంగు ఒళ్లు, తెగ్గొట్టినట్టు మొద్దు తోక, ఎటు తల ఉందో ఎటు తోక ఉందో చప్పున తెలియదు. అందుకే జనం దాన్ని రెండు తలల పాము అంటారు. విషం లేదు. కోపమూ లేదు పాపం. నడుముకు పాలిస్టర్ దారం చుట్టల మీద చుట్టలు పడి, పొలుసుల్లోకి దిగిపోయి ఉంది. మధుకర్ కత్తెర దారం దాకా తెచ్చి నాకిచ్చాడు. నేను మళ్లీ అతనికే ఇచ్చాను.

అత్తమ్మ చాట పక్కన పెట్టి లేచింది. కత్తెర కొసను కొంగుతో తుడుచుకుంది.

"సక్కగ పట్టుండ్రి. నలబై ఏండ్ల సంది ఆకు కత్తిరిస్తున్న. ఈనె ఏడుందో చూడకుంట వేలితోనే చెప్త."

ఒక్కొక్క చుట్టా తెంపింది. రక్తం చుక్క కూడా రాలేదు. ఆఖరు పోగు ఊడిరాగానే పాము పొడవుగా సాగి, కదలకుండా పడుకుంది, నిట్టూర్చినట్టు. అత్తమ్మ చేతులు కడుక్కుని మళ్లీ చాట ముందు కూర్చుంది.

"అయిపాయె గదా. ఇగ తీస్కపోయి ఇడ్సిపెట్టు. కడుపుతోని ఉన్న పిల్ల ఇంట్ల పామేందిరా?"

అప్పటికి నాకు ఐదో నెల.

ఫారెస్టాయన ఎల్లేశానికి ఫోన్ చేస్తే సాయంత్రం వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి. పామును చేతిలోకి తీసుకుని, పుండును సెల్ఫోన్ లైటుతో చూసి, చాలాసేపు నాలుకతో చప్పరించాడు.

"గీ పుండుతోని ఇడిస్తే చీమలు తింటయి. పుండు మానాలె, ఒక్కపారి కుబుసం సాఫ్‌గ ఇడ్వాలె. గప్పుడు వదులుదం. నేను మా సార్‌కు రాసి పెడ్త, గప్పటిదాక మీ దగ్గరుండనియ్యిండ్రి. ఇది సాదుకునుడు కాదు, బాగుజేసి ఇచ్చుడు. ఊరంత చెప్పకుండ్రి తమ్మీ, దీన్ని పట్టుకుంటే లక్ష్మి వస్తదనే పిచ్చోళ్లు చానమంది ఉన్నరు."

"ఎన్నొద్దులు?" అత్తమ్మ అడిగింది.

"అది దాన్నే అడగాలె ఎల్లవ్వా."

అలా బియ్యం డబ్బాలో ఇసుక పోసి, మూతకు చిల్లులు పొడిచి, మూలన పెట్టాం. ఇటు కొస అటు కొస ఒకే లావుండి, నిండా నూలు చుట్టిన కండెలా ఉందని మధుకర్ దానికి కండె అని పేరు పెట్టాడు. బియ్యం పాత సంచిలోకి మారాయి. అత్తమ్మ ఆ సంచి మూతి విప్పిన ప్రతిసారీ మా ఇద్దరినీ తిట్టింది.

మా ఇంట్లో ఏది కొలవాలన్నా దారంతోనే. మధుకర్ కండె పక్కన తెల్ల పోగు పరిచి, తల దగ్గరొక ముడి, తోక దగ్గరొక ముడి వేసి, గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. నెలకొక దారం. డిసెంబర్ దారం తెచ్చి నవంబర్ దారం పక్కన పట్టుకున్నాం. రెండు ముడులూ ఒక్కచోటే ఉన్నాయి. మధుకర్‌కు రోషం వచ్చింది. కార్ఖానా బోనులో పడ్డ ఎలుక పిల్ల ఒకటి వేస్తే కండె తిన్నది. తిన్నది కదాని రెండో రోజే కొంచెం పెద్దది వేశాడు. అదీ మింగింది. తెల్లారేసరికి ఇసుక మీద కక్కేసి, ఓ మూలకు ముడుచుకుని ఉంది. వారం దాకా తల బయటికి తీయలేదు.

ఎల్లేశం వచ్చి చూసి కోప్పడ్డాడు.

"ఇది సొరపాదు గాదు తమ్మీ, నీళ్లు పోసినకొద్ది పాకుతానికి. చలికి దాని పొట్టల పొయ్యి ఆరిపోతది. ఆరిన పొయ్యి మీద బువ్వ ఉడుకుతదా? తినకపోతే తినకపోనియ్యి. పెరగకపోతే పెరగకపోనియ్యి. గట్ల ఊకుండుడు సుత దానికొక పనే."

"అయితే ఊకుండి బతుకుతదంటవా?" అంది అత్తమ్మ. "మా ఇంట్ల గసొంటి పని మనుషులకు దొరకదాయె."

జనవరిలో మధుకర్ నన్ను జగిత్యాల ఆసుపత్రికి తీసుకుపోయాడు. మా అమ్మగారిది కోరుట్ల. మొదటి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి చూపించుకోవడం కూడా ముందు నుంచీ జగిత్యాలలోనే. స్కానింగ్ కాగితం చూసి డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది.

"గుండె చప్పుడు బాగుంది. అన్నీ బాగున్నాయి. కానీ నెలలకు తగ్గ ఎదుగుదల లేదమ్మా. ఓ మూడు వారాలు వెనకుంది."

నాడి చూడటానికి నా చెయ్యి పట్టుకుని, ఆ చేతిని ముక్కు దగ్గరికి తీసుకుంది.

"బీడీలు చేస్తావా?"

"నేను చేయను మేడం. మా అత్తమ్మ చేస్తది. ఒకటే గది. అప్పుడప్పుడు కట్టలు కట్టిస్త."

"కట్టలు కట్టకు. ఆ దుమ్ములో కూర్చోకు. తిండి తిను, పడుకో. నెలకు మళ్లీ చూద్దాం, కంగారు పడకు."

బయటికి వచ్చి బస్టాండులో కూర్చున్నాం. మధుకర్ స్కానింగ్ కాగితాన్ని మడిచి నా సంచిలో పెట్టాడు.

"అవ్వకు నేను చెప్త."

"వద్దు."

"చెప్పకపోతె ఎట్ల రజనీ?"

"వద్దన్న గదా."

నాకు తెలుసు, చెప్పాల్సిన మాటే. కానీ సాంచలు ఆగిపోయిన నెలల్లో మా పొయ్యి మీదికి ఏదైనా వచ్చిందంటే ఆ చాటలోంచే వచ్చింది. నేను కోడలిగా అడుగుపెట్టేనాటికి ఇంట్లో దేవుడి పటం తర్వాత అంత జాగ్రత్తగా తుడిచేది ఆ చాటనే. ఆ మనిషిని పట్టుకుని, నీ చాట తీసుకుని బయటికి పో, నీ వల్ల నా బిడ్డ పెరగడం లేదు అని చెప్పడానికి నోరెట్లా వస్తుంది? ఇంటికెళ్లి, "మంచిగ తినమన్నది" అని మాత్రం చెప్పాను. కట్టలు కట్టడం మానేశాను. పొగాకు ఘాటు చేతికి అంటినట్టనిపిస్తే పోయి సబ్బుతో కడుక్కునేదాన్ని. రోజుకు ఎన్నిసార్లు కడిగానో లెక్కలేదు. చిన్న సబ్బు వారానికే అరిగిపోయేది.

జనవరి దారం వచ్చింది. డిసెంబర్ ముడికీ దీనికీ మధ్య ఆవగింజంత తేడా. అది పెరుగుదలో, మధుకర్ చెయ్యి సాగదీసిందో తెలియదు.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున అత్తమ్మ డబ్బా మూత తీసి కేకేసింది.

"మధుకరా! దీని కండ్లు పోయినయి!"

పరుగెత్తి చూశాను. కండె కళ్లు చిన్నవి, నల్లపూసల్లా మెరిసేవి. ఆ పూటకు వాటి మీద పాలు పోసినట్టు తెల్లటి మబ్బు కమ్మి ఉంది. ఒంటి మీది రంగు కూడా దుమ్ము కొట్టుకుపోయినట్టుంది.

అత్తమ్మ మూత పెట్టి నా వైపు తిరిగింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"కడుపుతోని ఉన్నోళ్ల నీడ పడితె పాముకు కండ్లు పోతయని మా పెద్దోళ్లు చెప్పేటోళ్లు. డబ్బా కాడికి పోకే, పోకే అని ఎన్నిసార్లంటి? మూగజీవి ఉసురు ఊకె పోతదా? గందుకే లోపలిది సుత పెరుగుతలేదు."

కాగితం నేను దాచినా, నా కడుపు వంక చూస్తే ఆ సంగతి ఆమెకు తెలియకుండా ఉంటుందా? నలుగురిని కన్న మనిషి.

కుబుసం విడిచే ముందు పాముల కళ్లు అలాగే మబ్బు పడతాయి. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య నీరు చేరుతుంది. నేను దీన్ని పరీక్షలో ఐదు మార్కులకు రాశాను, ఐదూ వచ్చాయి. కానీ కడుపు నాది అయినప్పుడు ఆ పుస్తకం ఎక్కడో అటక మీద ఉండిపోయింది. అత్తమ్మకు చెప్పలేదు. ఒకవేళ నిజమేనేమో అని మనసులో ఒక మూల అనిపిస్తూనే ఉంది. ఆ రోజు నుంచి పొద్దుటి ఎండ గుమ్మంలోంచి లోపలికి పడే వేళ, గోడకు ఆనుకుని నడిచేదాన్ని, నా నీడ ఆ మూలకు పోకుండా. అన్నం ముద్ద దిగేది కాదు. మధుకర్ ఏమైందని అడిగితే వేవిళ్లన్నాను. ఎనిమిదో నెలలో వేవిళ్లేందని అతను అడగలేదు, అతనికి తెలియక కాదు.

అలా రెండు రోజులు గడిచాయి. రెండో రోజు మధ్యాహ్నం నేను కన్నంటుకుని పడుకున్నప్పుడు ఎల్లేశం వచ్చి కండెను చూసి పోయాడట. ఏమన్నాడని అడిగితే, "ఏమంటడు? చూసిండు, పోయిండు" అంది అత్తమ్మ.

మూడో రోజు పొద్దున లేచేసరికి అత్తమ్మ చాట, ఆకు కట్ట, పొగాకు డబ్బా, కత్తెర అన్నీ గుమ్మం దగ్గర ఉన్నాయి. ఆమె కొంగు నడుముకు చుట్టుకుంటోంది.

"రాత్రంత సోంచాయించిన పిల్లా. నీ నీడ కాదు. నా పొగాకు."

నాకు అర్థం కాలేదు.

"గింత గదిల దినమంత ఘాటు. మనుషులకే కండ్లు మండుతయి. దానివి ఎంత కండ్లు, ఆవగింజంత. మబ్బు పట్టయా?"

"ఇప్పుడు ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"ఎదురింటి సుమలతోళ్ల అరుగు మీదికి. మాట్లాడుకుంట చేసుకుంటం." చాట ఎత్తి తల మీద పెట్టుకుంది. గుమ్మం దాటి ఆగింది. "పాము కోసం పోతున్న. నీ కోసమని మురువకు."

ఆమె వెళ్లాక గది మధ్యలో, ఆమె కూర్చునే చోట, గచ్చు మీద గుండ్రంగా పొగాకు మరక కనిపించింది. ఏళ్ల మరక. ఆ మధ్యాహ్నం మధుకర్ వచ్చి దాన్ని రెండుసార్లు కడిగాడు. నేను ఆ రోజు రెండుసార్లు అన్నం పెట్టుకున్నాను.

నాలుగో రోజుకు కండె కళ్లు తేటపడ్డాయి. మళ్లీ నల్లపూసలు. అత్తమ్మ ఎదురింటి నుంచి వచ్చి చూసి, వాడకట్టు అంతా వినపడేట్టు అంది.

"చూసినవా? పొగాకు తీసంగనే కండ్లు వచ్చినయి!"

"అవునత్తమ్మా."

ఆ తర్వాత మూడో పొద్దున ఇసుకలో పెట్టిన రాయి పక్కన కుబుసం దొరికింది. మేజోడు విడిచినట్టు, మూతి నుంచి తోక దాకా ఒక్క చిరుగు లేకుండా వచ్చింది. దారం కోసిన చోట సన్నటి గీత మాత్రం ఉంది. కండె కొత్త ఇటుకలా మెరుస్తోంది. అత్తమ్మ ఆ పొరను రెండు వేళ్లతో ఎత్తి, గోడ మీది జనవరి దారం తెచ్చి పక్కన పరిచింది. కుబుసం దారం కంటే బెత్తెడు పొడవుంది.

"చూడే పిల్లా." ఆమె గొంతు తగ్గింది. "మూడు నెలలు ముడి గదల్లే. మనం పెరుగుతలేదు పెరుగుతలేదని ఏడిస్తిమి. లోపల లోపల పెరిగిందే అది. మనకు కనవడకుంట."

కుబుసం విడిచేటప్పుడు తడికి సాగుతుంది. పాము కంటే ఎప్పుడూ పొడవే ఉంటుంది. అదీ చదివాను. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది. ఆమె చెయ్యి నా కడుపు మీద ఉంది. ఆ చేతి నుంచి సబ్బు వాసన వచ్చింది.

శివరాత్రి పోయాక నన్ను కాన్పుకు కోరుట్ల పంపించారు. మధుకర్ స్నేహితుడి కారు మాట్లాడాడు. నా ఒళ్లో సారె సంచి, అత్తమ్మ ఒళ్లో చిల్లుల మూత డబ్బా. వేములవాడ దాటి, రుద్రంగి దగ్గర గుట్టల మధ్య ఎర్రమట్టి నేల వచ్చేచోట ఎల్లేశం బండి ఆపుకుని మా కోసం చూస్తున్నాడు.

నన్ను దిగొద్దన్నారు. కారు అద్దంలోంచి చూశాను. అత్తమ్మే డబ్బా పట్టుకుని తుమ్మపొదల దాకా నడిచింది. డబ్బా వంచితే కండె జారి, నేల మీద కాసేపు ఊరికే పడుకుంది. ఎటు పోవాలో తెలిసి కూడా తొందర లేనట్టు. తర్వాత తలను వదులు మట్టిలోకి దూర్చింది. నీళ్లు ఇంకినట్టు, చూస్తుండగా మెల్లగా లోపలికి పోయింది.

"వెనుకకు సుత తిరిగి చూడలే," అంది అత్తమ్మ. "నాలుగు నెలలు బువ్వ పెట్టినోళ్లను."

"బువ్వ ఎన్నడు తిన్నది గని!" ఎల్లేశం నవ్వాడు. "చూడకుంట పోవుడే మంచిది ఎల్లవ్వా. మీరు మంచిగ చూసుకున్నట్టు."

"మల్ల బతుకుతదా?"

"బతుకుతది. ఎండకాలం వస్తది గదా. పెరిగే దినాలు వస్తే అదే పెరుగుతది."

డబ్బా ఖాళీ అయింది. తిరిగి కారెక్కాక అత్తమ్మ కోరుట్ల వచ్చేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంది. ఇక బియ్యం పోసుకోవచ్చు కదా అని మధుకర్ అంటే, కడగాలె అంది. అంతే.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా జగిత్యాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల నూరు గ్రాములు. "చిన్నదే, కానీ గట్టిపిల్ల" అంది డాక్టరమ్మ. దాని ఏడుపు విని పక్క మంచం వాళ్లు కూడా ఆ మాటే అన్నారు.

కోరుట్లకు అత్తమ్మ మూడో రోజు వచ్చింది. వచ్చీ రాగానే బిడ్డ వైపు చూడలేదు. వాకిట్లో నీళ్లు, సబ్బు అడిగి, మోచేతుల దాకా రెండుసార్లు తోముకుంది. అప్పుడు వచ్చి మంచం పక్కన కూర్చుని, చీర ముడిలోంచి తెల్ల పోగు తీసింది. మధుకర్ కండెల్లోంచి తెంపుకొచ్చిన పోగు. బిడ్డ కాలు మెల్లగా చాపి, మడమ దగ్గరొక ముడి వేసి, దారాన్ని తల వైపు పరుస్తోంది.

ఇంక ఆగలేకపోయాను.

"అత్తమ్మా, ఒకటి చెప్పాలె."

"చెప్పు."

"కండె కండ్లు పొగాకుకు మబ్బు పట్టలే. నా నీడకు సుత కాదు. కుబుసం ఇడిసేముందు అన్ని పాములకు గట్లనే అయితది. నాకు తెలుసు. చెప్పలే."

ఆమె తలెత్తలేదు. "ఎల్లేశం చెప్పిండు."

"ఎన్నడు?"

"నువ్వు పగటీలి పండుకున్ననాడు."

లెక్క వేసుకున్నాను. చాట ఎత్తుకుని ఎదురింటికి పోయిన పొద్దుటికి ముందు రోజు అది.

"మల్ల పొగాకు అంటివి?"

"దినాం పదిసార్లు చేతులు కడుగుతుంటివి. నువ్వు ఏం వాసన పోగొట్టుకుంటున్నవో ముసల్దానికి తెల్వదా?" దారం బిడ్డ చెవి దాకా వచ్చింది. "నువ్వు చెప్పవైతివి. నేను అడగనైతి. నీడ అని ఒక మాట అననే అంటి, అన్న మాట ఎట్ల ఎనుకకు తీసుకోవాల్నో తెల్వకపాయె. పాము ఉండె నడుమ. పనికొచ్చింది."

మిగిలిన నిజం కూడా చెప్పేశాను. "కుబుసం సుత సాగుతది అత్తమ్మా. గది గంత పెరగలేదు."

"సాగనియ్యి," అంది ఆమె.

తల దగ్గర రెండో ముడి వేసి, మిగిలిన పోగును పంటితో కొరికింది. నెలకొకటి చేసి గోడకు వేలాడదీద్దాం, ఆవగింజంత తేడా ఉన్నా చాలు, మనకేం తొందర అంది. దారం తీయబోతే రాలేదు. ఒక కొస బిడ్డ పిడికిట్లో ఉంది. లాగితే వచ్చేదే. అత్తమ్మ లాగలేదు. ఇటు కొస వేలికి చుట్టుకుని, అది వదిలేదాకా అలాగే కూర్చుంది.